పాత కారు ఇంజన్ ఆయిల్ లీకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు పేరు మారుతుంది, అడిగే మనిషి మారతాడు, సందేహాలు మాత్రం అవే తిరిగి వస్తాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. కార్బురేటర్ల కాలపు కార్లను, ముఖ్యంగా 1940ల నుంచి 1980ల వరకు వచ్చినవాటిని దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. బోల్టుల బిగింపు విషయంలో మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌దే చివరి మాట.

## మొదటి చుక్క కనిపించినప్పుడు

రాత్రి కారు నిలిపిన చోట పొద్దున చుక్కలు కనిపించాయి. బండి తీయవచ్చా?

ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ మట్టం రెండు గుర్తుల మధ్య ఉంటే తీయవచ్చు. సుమారు ఇరవై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. రాత్రికి పది చుక్కలు కారే ఇంజన్ ఏడాది తిరిగినా 200 మిల్లీలీటర్లు పోగొట్టుకోదు. ఆయిల్ నేల మీద పలచగా పరుచుకుంటుంది కాబట్టి మరక ఎప్పుడూ అసలు నష్టం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. భయపడాలో వద్దో మరకను చూసి కాక డిప్‌స్టిక్‌ను చూసి నిర్ణయించుకోండి.

ఏ లీకుకు నిజంగా భయపడాలి?

మూడింటికి. మొదటిది, వేడెక్కిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టాలు) మీద పడే ఆయిల్. ఇంజన్ ఆయిల్ ఆవిరి మంట అందుకోవడానికి 200 డిగ్రీల సెల్సియస్ పైన వేడి చాలు. మ్యానిఫోల్డ్ అంతకంటే ఎంతో ఎక్కువ కాగుతుంది. బానెట్ సందుల్లోంచి కాలిన వాసన, సన్నటి పొగ వస్తుంటే ఆ లీకు తేలేదాకా బండి తీయవద్దు. రెండోది, ప్రెషర్‌తో చిమ్మే లీకు: ప్రెషర్ స్విచ్, గేజికి వెళ్లే సన్న గొట్టం, ఆయిల్ ఫిల్టర్. ఇవి తెగితే ఆయిల్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది. మూడోది, క్లచ్ ప్లేటుకో బ్రేకులకో అంటుకునే లీకు.

నడిచేటప్పుడు మాత్రమే కారే లీకు నేల మీద కనిపించకుండా మోసం చేస్తుంది. పదిహేను మీటర్లకు ఒక్క చుక్క చొప్పున పడినా 100 కిలోమీటర్లకు 330 మిల్లీలీటర్ల దాకా పోతుంది. మూడు వందల కిలోమీటర్ల ప్రయాణంలో ఒక లీటరు పోయిందంటే, చాలా కార్లలో డిప్‌స్టిక్ పై గుర్తు నుంచి కింది గుర్తుకు వచ్చేసినట్టే.

"పాత కార్లన్నీ కారతాయి, వదిలేయండి" అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. కొన్ని ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వెనక చివర అసలు ఆయిల్ సీలే లేదు. బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ వారి పాత బీ-సిరీస్ ఇంజన్లు అలాంటివే. క్రాంక్ మీద స్క్రూ మరలాగా చెక్కిన గాడి ఒకటి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ అది బయటికి వచ్చే ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆగాక మిగిలిన కాస్త ఆయిల్ కిందికి జారుతుంది. అలాంటి ఇంజన్ నుంచి ఆగిన తర్వాత రెండు మూడు చుక్కలు పడటం లోపం కాదు, దాన్ని అలాగే తయారుచేశారు. బీ-సిరీస్ ఇంజన్ వాడిన ఎంజీబీ కారుకు 1964 చివర్లో అయిదు బేరింగుల ఇంజన్ వచ్చినప్పుడు వెనక రబ్బరు సీలు కూడా వచ్చింది.

మిగతా సగం సోమరితనం. ట్యాపెట్ కవరు (ఇంజన్ పై మూత), డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే బిరడా), ఫ్యూయల్ పంపు అడుగున ప్యాకింగ్ (గ్యాస్కెట్): ఇవి కారడానికి కారు వయసు సాకు కాదు.

కారేది ఇంజన్ ఆయిలేనని ఎలా తెలుసుకోవాలి?

కింద తెల్ల అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. ఇంజన్ ఆయిల్ తేనె రంగు నుంచి నలుపు వరకు ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవం సాధారణంగా ఎరుపు. గేర్ ఆయిల్ చిక్కగా, ఘాటైన గంధకపు వాసనతో ఉంటుంది. బ్రేక్ ద్రవం పలచగా ఉండి పెయింటును తినేస్తుంది; అది కారుతుంటే బండి కదపకండి. కూలెంట్ జిడ్డుగా కాక నీళ్లలా, తీపి వాసనతో ఉంటుంది. అట్ట మీద చక్రాల స్థానాన్ని కూడా గీసి పెట్టుకుంటే చుక్క ఇంజన్ ముందు భాగంలో పడిందా, వెనకా అన్నది తేలుతుంది.

ఒక మినహాయింపు: 1959 నుంచి వచ్చిన పాత మినీలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఒకే ఆయిల్. అక్కడ రంగు, వాసన ఏమీ తేల్చలేవు.

నేల మీద ఒక్క చుక్కా లేదు. అయినా ఆయిల్ తగ్గుతోంది.

అయితే కాలిపోతూ ఉండవచ్చు, లేదా నడిచేటప్పుడు మాత్రమే కారుతూ ఉండవచ్చు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు నీలిపొగ వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ నొక్కగానే గుప్పున పొగ వస్తే వాల్వ్ గైడులు. పొగ లేదు, కానీ కారు వెనక బంపరు అడుగున జిడ్డు పేరుకుంటోందా? అది గాలికి వెనక్కి ఎగిరిన లీకు ఆయిల్.

ఆయిల్ మట్టం తగ్గడం లేదు, పెరుగుతోంది! అయినా అన్ని చోట్లా కారుతోంది.

డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. కామ్ షాఫ్ట్‌తో (వాల్వులను తెరిచే ఇరుసు) నడిచే పాత ఫ్యూయల్ పంపులో డయాఫ్రం చిరిగితే పెట్రోల్ నేరుగా ఛాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగుతుంది. కార్బురేటర్ నీడిల్ మూసుకోకపోయినా ఇలా జరగవచ్చు. పలచబడిన ఆయిల్ ప్రతి ప్యాకింగ్ దగ్గరా దారి వెతుక్కుంటుంది, బేరింగులనూ కాపాడలేదు. ముందు పంపు సంగతి చూసి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. చాలాసార్లు లీకులు దాంతోనే సగానికి తగ్గుతాయి. వాసన పెట్రోల్‌ది కాక, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నాయని అర్థం. అది లీకు కంటే పెద్ద సమస్య.

## ఎక్కడి నుంచి వస్తోంది?

చుక్క ఛాంబర్ అడుగు నుంచే పడుతోంది. అంటే ఛాంబర్ ప్యాకింగే కదా?

అదే అనుకుని ఛాంబర్ దింపి, ప్యాకింగ్ మార్చి, మర్నాడు మళ్లీ అదే చుక్కను చూసినవాళ్లు చాలామంది. ఛాంబర్ ఇంజన్‌లో అన్నిటికంటే కింద ఉంటుంది. పైన ఎక్కడ కారినా ఆయిల్ చివరికి అక్కడికే చేరుతుంది. బండి నడుస్తుంటే ఫ్యాను గాలి, ఎదురుగాలి దాన్ని వెనక్కి తోస్తాయి. కాబట్టి తడిసిన చోట్లన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటు వెతకండి. లీకు అక్కడ, లేదా దానికి కాస్త పైన ఉంటుంది.

ఇంజన్ అంతా నల్లటి మడ్డి. ఎలా కడగాలి?

కడగకుండా లీకు వెతకడం దండగ. ఇంజన్ చల్లారాక కార్బురేటర్ నోరు, డిస్ట్రిబ్యూటర్, కాయిల్, డైనమో లేదా ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ సంచులు కట్టండి. గట్టిపడిన మడ్డిని చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో గీకి తీసి, డీగ్రీజర్ రాసి, బ్రష్షుతో రుద్ది, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. అధిక ఒత్తిడి నీటి యంత్రం వద్దు. పాత సీళ్ల లోపలికీ వైర్ల జాయింట్లలోకీ నీరు దూరుతుంది. ఆ తర్వాత బండి స్టార్ట్ కాకపోతే రెండు సమస్యలవుతాయి. పెట్రోల్‌తో కడగడం అసలే వద్దు.

కడిగాను, ఆరింది. ఇప్పుడేం చేయాలి?

ఇంజన్ స్టార్ట్ చేసి వేడెక్కే వరకు ఆగి, టార్చితో చూడండి. ప్రెషర్ లీకులు ఈ దశలోనే బయటపడతాయి. ఏమీ కనిపించకపోతే అనుమానమున్న చోట్ల పౌడర్ చల్లి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి రండి. తెల్ల పొడి మీద తడి గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాను బెల్టు మీద మాత్రం పౌడర్ పడనివ్వకండి.

అప్పటికీ దొరకకపోతే ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు దొరుకుతుంది. దాన్ని పోసి, కొన్నాళ్లు నడిపి, చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చితో చూస్తే ఆయిల్ దారి పసుపుపచ్చగా వెలుగుతుంది. ఇంజన్ ఆయిల్ కోసం చేసిన రంగే కొనండి. కూలెంట్ కోసం చేసినది వేరు.

ఆగి ఉన్నప్పుడు కారదు, నడిచేటప్పుడే కారుతుంది. దీన్నిబట్టి ఏమైనా చెప్పవచ్చా?

చెప్పవచ్చు. ఇంజన్ తిరిగేటప్పుడే కారితే ఆయిల్ పంపు ప్రెషర్ ఉన్న చోటు గాని, ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగి బయటికి తోస్తున్న చోటు గాని అనుమానించాలి. ఆపిన అరగంటలో నాలుగైదు చుక్కలు పడి ఆగిపోతే పైనుంచి దిగివస్తున్న ఆయిల్: ట్యాపెట్ కవరు, టైమింగ్ కవరు (ఇంజన్ ముందు మూత), క్రాంక్ వెనక సీలు. రోజుల తరబడి నిలిపి ఉంచినా ఒకే లెక్కన కారుతుంటే ఆయిల్ నిత్యం నిలిచి ఉండే చోటు, అంటే డ్రెయిన్ ప్లగ్ లేదా ఛాంబర్ గోడ.

మొదట ఏ చోట్లు చూడాలి?

తేలికైనవే ముందు. ట్యాపెట్ కవరు ప్యాకింగ్, దాని నట్ల కింది రబ్బరు వాషర్లు, ఆయిల్ పోసే మూత, ఫ్యూయల్ పంపు అడుగు, డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర రింగు, డిప్‌స్టిక్ గొట్టం మొదలు, ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్. ఇవన్నీ పొడిగా ఉన్నాకే టైమింగ్ కవరు, ఛాంబర్, వెనక సీలు.

కొన్ని ఇంజన్లకు వాటి సొంత బలహీనతలు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో సిలిండర్ల కింద ఉండే పుష్‌రాడ్ గొట్టాల చివరి సీళ్లు గట్టిపడి కారతాయి. షెవర్లే చిన్న బ్లాక్ వీ8లో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ముందు, వెనక చివర్ల నుంచి కారిన ఆయిల్ అచ్చం వెనక సీలు పోయినట్టే కనిపిస్తుంది. బీఎంసీ ఏ, బీ సిరీస్ ఇంజన్లలో చాలావాటికి బ్లాకు పక్కన ట్యాపెట్ల చిన్న మూతలుంటాయి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ వెనక దాగి ఉండటంతో వాటిని ఎవరూ చూడరు.

వెనక సీలు పోయింది, ఇంజన్ దింపాలి అంటున్నారు. ఒప్పుకోవాలా?

మిగతావన్నీ చూశాకే ఒప్పుకోండి. ఇది అన్నిటికంటే ఖరీదైన నిర్ణయం, అన్నిటికంటే తొందరగా చెప్పేసే తీర్పు కూడా ఇదే. ట్యాపెట్ కవరు వెనక మూల నుంచి కారిన ఆయిల్ బ్లాకు వెంట దిగి, సరిగ్గా బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడు) కింది రంధ్రం దగ్గరే చుక్కగా పడుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ వెనక వైపు ఉన్న ఇంజన్లలో అదీ అంతే. బెల్ హౌసింగ్ లోపలి నుంచే వస్తున్నా అది గేర్‌బాక్స్ ముందు సీలుది కావచ్చు. వాసన చూస్తే తెలుస్తుంది. కామ్ షాఫ్ట్ వెనక ప్లగ్ కూడా ఫ్లైవీల్ వెనకే ఉంటుంది. ఇంజన్ పై భాగాన్ని శుభ్రంగా కడిగి, నడిపి, పైన పొడిగానే ఉండి ఆ రంధ్రం మాత్రమే తడిసిందని మీ కళ్లతో చూశాక అప్పుడు ఇంజన్ సంగతి ఆలోచించండి.

## విప్పే ముందు

అన్ని వైపుల నుంచీ కారుతోంది. ప్యాకింగులన్నీ ఒకేసారి మార్చాలా?

ఆగండి. ప్యాకింగులన్నీ ఒకేసారి చెడిపోవు. అన్ని చోట్లా కారుతోందంటే లోపల ఒత్తిడి పెరుగుతోందని అనుమానించాలి, అంటే బ్రీదర్ (లోపలి వాయువులు బయటికి పోయే దారి) మూసుకుపోయి ఉండవచ్చు.

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా మండిన వాయువులు కొంత కిందికి, క్రాంక్ ఉన్న గదిలోకి జారుతాయి. వాటికి దారి ఉండాలి. పాత రోజుల్లో ఒక గొట్టం నేల వైపు తెరిచి ఉండేది. బండి నడుస్తుంటే గాలి ఆ వాయువులను పీల్చేది. 1960ల నుంచి ఆ వాయువులను ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి లాగే పీసీవీ వాల్వులు వచ్చాయి. గొట్టంలో మడ్డి చేరినా, బ్రీదర్ డబ్బాలోని తీగజాలీ పూడుకుపోయినా, వాల్వు అంటుకుపోయినా ఒత్తిడికి వేరే దారి ఉండదు. ఆయిల్‌ను సీళ్ల సందుల్లోంచి బయటికి తోస్తుంది. అప్పుడు కొత్త సీలు వేసినా అది కొద్ది రోజుల్లోనే కారుతుంది.

బ్రీదర్ విప్పి కిరోసిన్‌లో కడగడానికి ఒక గంట, పైసా ఖర్చు లేదు. నా మటుకు నేను స్పానర్ మొదట పెట్టేది ఇక్కడే.

బ్రీదర్ పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

పీసీవీ ఉన్న ఇంజన్ వేడెక్కి నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెట్టండి. కాగితం లోపలికి అంటుకుంటే మంచిది. ఎగిరిపోతుంటే గొట్టమో వాల్వో మూసుకుపోయింది, లేదా రింగులు అరిగి వాయువులు మోతాదుకు మించి వస్తున్నాయి. బ్రీదర్ శుభ్రం చేశాక కూడా ఆవిరి బుసకొడుతుంటే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించండి. అరిగిన రింగులున్న ఇంజన్‌కు ప్యాకింగులు మారుస్తూ కూర్చోవడంలో అర్థం లేదు.

కొన్ని కార్లలో ఆయిల్ మూతలోనే గాలి లోపలికి వచ్చే రంధ్రం, చిన్న ఫిల్టరు ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నాయని రంధ్రం లేని మూత పెడితే ఆ గాలి ప్రసరణ లెక్క తప్పుతుంది.

లీకు ఆపే మందులు ఆయిల్‌లో పోయవచ్చా?

అవి రబ్బరును మెత్తబరిచి ఉబ్బేలా చేస్తాయి. గట్టిపడిన రబ్బరు సీలుకు కొన్నాళ్లు ఉపశమనం దొరకవచ్చు. కార్క్ ప్యాకింగ్‌కూ కాగితం ప్యాకింగ్‌కూ తాడు సీలుకూ చిరిగిన సీలుకూ వాటివల్ల ఒరిగేదేమీ లేదు. పాత కార్ల లీకులు ఎక్కువగా వీటివల్ల వచ్చేవే కాబట్టి ఆ డబ్బుతో ప్యాకింగ్ కొనడం మేలు.

చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందా?

మాన్యువల్ చెప్పినదాని కంటే పలచటిది పోస్తున్నట్టయితే తగ్గవచ్చు. ఆ కాలపు ఇంజన్లలో చాలావాటికి 20డబ్ల్యు-50 చిక్కదనం గల ఆయిల్ సరిపోతుంది. అంతకు మించి చిక్కనిది పోస్తే చల్లటి ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు పైభాగానికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. నాలుగు చుక్కలు మిగుల్చుకోవడానికి కామ్ షాఫ్ట్‌ను అరగదీసుకోవడం దండగ బేరం.

సింథటిక్ ఆయిల్ పోసిన తర్వాతే లీకు మొదలైంది. ఆయిల్ తప్పా?

తొలితరం సింథటిక్‌లు కొన్ని సీళ్లను కుదించేవి. ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు. ఇప్పటివాటిలో సీళ్ల కోసం మందులు కలుపుతున్నారు. జరిగేది ఎక్కువగా వేరు: కొత్త ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలు ఏళ్లనాటి మడ్డిని కరిగిస్తాయి. అరిగిన సీలు సందును అంతకాలం పూడ్చింది ఆ మడ్డే. సీలు ముందే పోయింది, ఇప్పుడు బయటపడింది.

## ఇంటి దగ్గర చేసుకోగల పనులు

ట్యాపెట్ కవరుకు కొత్త కార్క్ ప్యాకింగ్ వేసినా కారుతోంది. ఎందుకు?

ఎక్కువగా బిగించి ఉంటారు. లీకు కనిపించగానే స్పానర్ పట్టుకుని ఇంకాస్త బిగించడం మనిషి సహజగుణం. కార్క్‌కు అదే శత్రువు. నలిగి, పక్కకు జారి, చీలుతుంది. రేకు కవరు అయితే బోల్టు రంధ్రాల దగ్గర లోపలికి సొట్టపడి, బోల్టుల మధ్య భాగం పైకి లేస్తుంది. ఆ కవరుకు ఎన్ని ప్యాకింగులు మార్చినా కారుతూనే ఉంటుంది.

కవరు తీసి అంచును చదునైన గాజు పలక మీద పెట్టి, కింద వెలుతురు దూరుతోందేమో చూడండి. సొట్టలు ఉంటే చదునైన ఇనుప దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేయండి. పాత ప్యాకింగ్ ముక్కలు, జిడ్డు పూర్తిగా తీసేయండి. ప్యాకింగ్‌ను కవరు వైపు మాత్రమే గమ్‌తో అంటించి, తలకిందులుగా పెట్టి బరువు ఉంచి ఆరనివ్వండి. హెడ్ వైపు పొడిగానో, పలచగా గ్రీజు రాసో వదిలేస్తే తర్వాత ట్యాపెట్లు సరిచేయడానికి తీసినప్పుడు చిరగదు. బీ-సిరీస్ ఇంజన్‌లో ఈ నట్ల బిగింపు సుమారు 5.4 న్యూటన్ మీటర్లే. అంటే చిన్న స్పానర్‌ను రెండు వేళ్లతో తిప్పితే చాలు. నట్ల కింద ఉండే రబ్బరు వాషర్లు గట్టిపడి ఉంటే వాటినీ మార్చండి. ప్యాకింగ్ పొడిగానే ఉండి ఆ నట్ల చుట్టూ తడి కనిపించే ఇంజన్లు చాలా ఉన్నాయి.

కొన్న కార్క్ ప్యాకింగ్ ఎండి కుదించుకుపోయి, రంధ్రాలు కలవకపోతే పారేయకండి. కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే సాగుతుంది. బాగా ఆరాక వాడండి.

డ్రెయిన్ ప్లగ్ దగ్గర కారుతోంది.

రాగి వాషర్ ఒకసారి నలిగితే గట్టిపడుతుంది. కొత్తది వేయండి. దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. బలమంతా పెట్టి బిగించవద్దు. అల్యూమినియం ఛాంబర్ అయితే మరలు ఊడివస్తాయి. అప్పటికే ఊడి ఉంటే రంధ్రంలో కొత్త మరల తీగచుట్ట వేయించడం శాశ్వత పరిష్కారం. టేపు చుట్టి నెట్టుకురావడం కాదు.

ఫిల్టర్ మార్చిన వెంటనే ఆయిల్ చిమ్మింది.

పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీద కొత్తది ఎక్కి ఉంటుంది. రెండు రింగులు కలిసి ప్రెషర్ తట్టుకోలేవు. వేలితో తడిమి చూసి తీసేయండి. కొత్త రింగుకు ఆయిల్ రాసి, రింగు తగిలాక చేత్తో ఇంకో ముప్పావు చుట్టు బిగించండి. డబ్బాలో ఫిల్టర్ పెట్టే పాత పద్ధతి ఇంజన్‌లో అయితే పై గాడిలోని రింగును సూదితో పూర్తిగా తీయాలి. గట్టిపడిన రింగు చూడటానికి లోహంలాగే ఉంటుంది.

ప్రెషర్ స్విచ్, గేజి గొట్టం మార్చడం కష్టమా?

కాదు. స్విచ్ ఒంట్లోంచే, వైరు తగిలించే చోట కారుతుంటే బిగించి లాభం లేదు, మార్చాలి. చాలా స్విచ్‌లకు ఇంజన్ లోహమే ఎర్త్, కాబట్టి మరల మీద టేపు మందంగా చుట్టవద్దు, దీపం వెలగదు. డ్యాష్‌బోర్డ్ గేజికి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం ముట్టుకుంటే పెళుసుగా అనిపించినా, పసుపు రంగుకు తిరిగినా, కారే వరకు ఆగకుండా మార్చేయండి. అది తెగేది ఎప్పుడూ ఇంటి దగ్గర కాదు.

ప్యాకింగ్ బదులు సిలికాన్ రాస్తే సరిపోదా?

కొన్ని చోట్లే. ఛాంబర్ మూలలు, కార్క్, రబ్బరు ముక్కలు కలిసే సందులు: అక్కడ చిన్న చుక్క మంచిదే. కార్క్ ప్యాకింగ్ మొత్తానికి పులిమితే బిగించినప్పుడు అది సబ్బులా పనిచేసి ప్యాకింగ్‌ను బయటికి జారుస్తుంది. బయటికి ఉబికిన సిలికాన్ ఎంతో, లోపలికి ఉబికిందీ అంతే అని గుర్తుంచుకోండి. ఆ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జాలీని మూసేస్తాయి. లీకుతో ఏ ఇంజనూ పాడవలేదు అనను గాని, సిలికాన్ ముక్క వల్ల బేరింగులు పోవడం అంతకంటే బాధాకరం. పెట్రోల్ తగిలే చోట మామూలు సిలికాన్ నిలవదు.

పాత ప్యాకింగ్‌ను వైరు బ్రష్షుతో గీకవచ్చా?

పాతకాలపు ప్యాకింగులలో, తాడు సీళ్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఎలాంటిదో తెలియనప్పుడు ఉన్నట్టే భావించండి. తడిపి, చేతి పలకతో తీయండి. డ్రిల్లుకు బిగించిన బ్రష్షు, ఉప్పుకాగితం వద్దు. సన్నటి ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి. అల్యూమినియం మీద ఇనుప పలక వాడితే గీతలు పడి అవే కొత్త లీకు దారులవుతాయి.

## పెద్ద పనులు

ఛాంబర్ దింపాలి. ముందే ఏం తెలుసుకోవాలి?

కారు జాకీ మీద ఉండగా కిందికి దూరవద్దు. గట్టి నేల మీద స్టాండులు, చక్రాలకు అడ్డు తప్పనిసరి. కొన్ని కార్లలో క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) అడ్డం వస్తుంది. ఇంజన్ మౌంటింగులు వదులు చేసి కాస్త పైకి లేపాలి. అప్పుడు రేడియేటర్ గొట్టాలు, ఫ్యాను, యాక్సిలరేటర్ తీగ లాగుకుంటున్నాయేమో చూసుకోవాలి. రేకు ఛాంబర్ అంచుల సొట్టలు సరిచేశాకే ప్యాకింగ్ వేయండి. బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. దింపిన ఛాంబర్ అడుగున ఏముందో తప్పక చూడండి: లోహపు పొడి మెరుస్తుంటే మీ సమస్య లీకు కాదు.

టైమింగ్ కవరు సీలు మార్చాను. వారంలో మళ్లీ కారింది.

మూడు కారణాలు చూడండి. చాలా రేకు కవర్లకు వాటిని సరైన చోట నిలిపే పిన్నులు ఉండవు. పుల్లీని సీలులోకి దూర్చి, కవరు దాని మధ్యకు సర్దుకున్నాక బోల్టులు బిగించాలి. ముందే బిగిస్తే సీలు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రెండోది, క్రాంక్ మీద ఉండే ఆయిల్ విసిరే పళ్లెం తిరగేసి వేయడం, లేదా వేయడమే మరిచిపోవడం. మూడోది, పుల్లీ మెడ మీద పాత సీలు అరగదీసిన గాడి. గోరుకు తగిలేంత గాడి ఉంటే ఏ కొత్త సీలూ నిలవదు. దాని మీదికి పలచటి స్టీలు తొడుగు ఎక్కించడం, లేదా వీలైతే సీలును కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టి గాడి లేని చోట ఆనేలా చేయడం మార్గాలు.

సీలు పెదవికి ఆయిల్ రాసి, స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉండేలా, వంకర లేకుండా దించండి.

తాడు సీలు తీసి రబ్బరుది వేయవచ్చా?

మీ ఇంజన్ కోసమే తయారైన మార్పు సామగ్రి ఉంటే వేయవచ్చు. అయితే కొన్నిటికి క్రాంక్ మీద ఆ చోటును సానబట్టించాలి, అంటే ఇంజన్ పూర్తిగా విప్పాలి. తాడు సీలునే సరిగ్గా వేసినా ఏళ్ల తరబడి బాగానే పనిచేస్తుంది. ఆయిల్‌లో నానబెట్టి, గాడిలో నునుపైన గుండ్రటి కడ్డీతో దొర్లిస్తూ అదిమి కూర్చోబెట్టి, చివరలను మాన్యువల్ చెప్పినంత ఎత్తులో పదునైన బ్లేడుతో కోయాలి. పీచులు వేలాడకూడదు.

షెవర్లే చిన్న బ్లాక్ వీ8లో 1985 వరకు వెనక సీలు రెండు ముక్కలది, 1986 నుంచి ఒకే ముక్క. రెండు ముక్కల రబ్బరు సీలు వేసేటప్పుడు అతుకులు బేరింగ్ మూత అతుకుతో ఒకే గీతలో రాకుండా ఒక సెంటీమీటరు పక్కకు జరపడం పాత మెకానిక్‌లందరికీ తెలిసిన కిటుకు.

ఏ సీలు వేసినా మెయిన్ బేరింగులు అరిగి క్రాంక్ ఊగుతుంటే నిలవదు. బేరింగు సందు కొలవకుండా సీలు మార్చవద్దు.

ఇంజన్ ఎలాగూ బయటికి తీశాం. ఇంకేం మార్చాలి?

క్లచ్ ప్లేటు, క్లచ్ బేరింగు, గేర్‌బాక్స్ ముందు సీలు, కామ్ షాఫ్ట్ వెనక ప్లగ్, బ్లాకు వెనక నీటి ప్లగ్‌లు, ఆయిల్ తగిలి ఉబ్బిన ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు. ఆయిల్‌లో తడిసిన క్లచ్ ప్లేటును కడిగి మళ్లీ వేయడం వద్దు, వేడెక్కగానే జారుతుంది.

## పని పూర్తయ్యాక

ప్యాకింగులు వేసిన వెంటనే స్టార్ట్ చేయవచ్చా?

సిలికాన్ వాడి ఉంటే ట్యూబు మీద రాసినంతసేపు ఆగండి. చాలావాటికి పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు. తర్వాత ఆయిల్ పోసి, కాయిల్ వైరు తీసేసి, ప్రెషర్ దీపం ఆరే వరకు స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. అప్పుడు స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు కింద, పక్కన చూడండి. ఆపి, కాసేపాగి, డిప్‌స్టిక్ మళ్లీ చూడండి. కొత్త ఫిల్టర్ కొంత ఆయిల్ తాగి ఉంటుంది. తక్కువైందని ఎక్కువ పోయకండి. మట్టం పై గుర్తు దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, లీకులూ పెరుగుతాయి.

మళ్లీ బిగించాలా?

కార్క్ ప్యాకింగ్ రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక కాస్త అణుగుతుంది. చల్లటి ఇంజన్ మీద ఒక్కసారి మాన్యువల్ చెప్పిన బిగింపు సరిచూసి ఊరుకోండి. సిలికాన్ వేసిన చోట మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు. గట్టిపడిన పొర చిరుగుతుంది.

అన్నీ మార్చినా ఇంకా చుక్క పడుతోంది!

ఒక వారం ఆగండి. ఛాసిస్ మూలల్లో, మౌంటింగుల వెనక, బెల్ హౌసింగ్ లోపల దాగిన పాత ఆయిల్ వేడికి కరిగి దిగుతూనే ఉంటుంది. నల్లటి చుక్క అయితే పాతది, తేనె రంగుది అయితే కొత్తది. మరమ్మతుతోపాటు ఆయిల్ మార్చి ఉంటే ఈ తేడా చాలా స్పష్టంగా తెలుస్తుంది. కొత్తదే పడుతుంటే మళ్లీ కడిగి, పౌడర్ చల్లి వెతకాల్సిందే.

కారు నెలల తరబడి కదలకుండా ఉంటుంది. తీసిన ప్రతిసారీ కొత్త లీకు. ఎందుకు?

రబ్బరు సీళ్లు, కార్క్ ఆయిల్‌లో తడుస్తూ ఉంటేనే మెత్తగా ఉంటాయి. ఎండితే గట్టిపడి కుదించుకుపోతాయి. చాలాకాలం తర్వాత తీసిన బండికి వెంటనే సీళ్లు మార్చడానికి పరుగెత్తకండి. కొన్ని వారాలు క్రమంగా నడిపితే చిన్న లీకులు కొన్ని వాటంతట అవే తగ్గుతాయి. నిలిపి ఉంచే ముందు పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయండి, ఎందుకంటే పాతదానిలోని ఆమ్లాలు, తేమ లోపలి లోహాన్ని తింటాయి. అప్పుడప్పుడు తీసినప్పుడు రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా అరగంట నడపడం మేలు.

తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించేవారికి అప్పగించండి. కాలువలో, నేల మీద పోయవద్దు. అందులో కూలెంట్ గాని, పెట్రోల్ గాని, బ్రేక్ ద్రవం గాని కలపకండి. కలిస్తే తిరిగి శుద్ధి చేయడానికి పనికిరాదు. వాడిన ఇంజన్ ఆయిల్ చర్మానికి పదేపదే తగలడం క్యాన్సర్‌కు దారితీయగలదు కాబట్టి నైట్రైల్ చేతితొడుగులు వేసుకోండి. ఆయిల్ గుడ్డలను జేబులో పెట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి.